1:18 డైకాస్ట్ కార్లకు సరిపడే విడిభాగాలు ఎలా వెతకాలి?

ప్రశ్న – పద్దెనిమిదోవంతు

మిత్రులకు నమస్కారం. నా దగ్గర 1:18 స్కేలు (అసలు కారులో పద్దెనిమిదో వంతు సైజు) డైకాస్ట్ కార్లు, అంటే లోహంతో పోతపోసిన బొమ్మ కార్లు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు మైస్టో, బురాగో తయారుచేసినవి. బాడీ ఆకారానికీ రంగుకూ వంక పెట్టడానికి లేదు గాని, బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ మొత్తం ఒకే నల్ల ప్లాస్టిక్ ముద్దగా కనిపిస్తుంది. ప్లగ్గు వైర్లు ఉండవు, సీట్లకు బెల్టులు ఉండవు, కార్పెట్ ఉండవలసిన చోట నున్నటి ప్లాస్టిక్ మెరుస్తుంటుంది, ముందు గ్రిల్‌లో గాలి వెళ్ళవలసిన సందులు మూసుకుపోయి ఉంటాయి. వీటిని ఒక్కొక్కటిగా బాగుచేసి, తరువాత ఒక చిన్న గ్యారేజి దృశ్యంలో నిలబెట్టాలని ఉంది.

అయితే ఎక్కడ వెతికినా ఎచింగ్ చేసిన (రసాయనంతో చెక్కిన) ఇత్తడి రేకులు, రిమ్ములు, డెకాళ్ళు (పైన అంటించే పలుచని ముద్రలు) దాదాపు అన్నీ 1:24, 1:25 ప్లాస్టిక్ కిట్ల కోసం చేసినవే దొరుకుతున్నాయి. 1:18 అని రాసి ఉన్నవి అరుదు. ఉన్నా అవి ఫలానా ఒక్క మోడల్‌కే సరిపోతాయి. పెద్ద స్కేలుకు ఇంత కొరత ఎందుకు? 1:24 భాగాలను 1:18 కారుకు వాడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుందా? గ్యారేజిలో పెట్టవలసిన మనుషులు, పనిముట్లు, డ్రమ్ముల వంటివి ఏ స్కేలులో తీసుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం – ఇత్తడిరేకు

కొరతకు కారణం సులభంగానే అర్థమవుతుంది. 1:18 కారు పూర్తిగా తయారై పెట్టెలో వస్తుంది; కొన్నవారిలో ఎక్కువమంది దానిని అద్దాల బీరువాలో పెడతారే తప్ప స్క్రూ విప్పరు. 1:24, 1:25 స్కేళ్ళు మాత్రం టామియా, రెవెల్, ఏఎంటీ వంటి కంపెనీల కిట్లను విడగొట్టి అతికించేవారివి. వారికి అదనపు భాగాల అవసరం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి డీటెయిల్ మాస్టర్, మోడల్ కార్ గ్యారేజ్, హాబీ డిజైన్, స్టూడియో 27 వంటి సంస్థలు ఆ స్కేళ్ళ చుట్టూనే పెరిగాయి. కనుక మీరు పొట్లం మీద రాసిన స్కేలును చూసి వెతకడం మానుకోవాలి. అసలు కారులో ఆ భాగం ఎన్ని మిల్లీమీటర్లో తెలుసుకుని, దానిని 18తో భాగించి, వచ్చిన కొలతతో వెతకాలి. ఒక డిజిటల్ కాలిపర్ (మందం, వ్యాసం కొలిచే పరికరం) చేతిలో ఉంటే మీకు దొరికే సరుకు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ప్లగ్గు వైరును తీసుకోండి. నిజమైన కారులో దాని మందం 7 నుంచి 8 మి.మీ. ఉంటుంది, 1:18లో అది 0.4 మి.మీ. దగ్గర తేలుతుంది. ఎలక్ట్రానిక్స్ పనిలో వాడే 30 గేజి ర్యాపింగ్ వైరు తొడుగుతో కలిపి సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి 1:18కి కొంచెం లావు, 1:12కి కొంచెం సన్నం. నాకు నచ్చినది పాత మోటారు చుట్టల్లోని 0.4 మి.మీ. ఎనామిల్ రాగి తీగ. వంచిన వంపు అలాగే నిలుస్తుంది, పైన రంగు వేస్తే రబ్బరు తొడుగులాగే కనిపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) మూతకు చేతి డ్రిల్లుతో రంధ్రాలు వేసి, జ్వలన క్రమం (సిలిండర్లలో ఇంధనం మండే వరుస) ప్రకారం తీగలు దూర్చండి. ఉదాహరణకు షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8లో ఆ క్రమం 1-8-4-3-6-5-7-2. బేసి సంఖ్యల సిలిండర్లు డ్రైవరు ఎడమవైపు వరుసలో ఉంటాయి. ఎనిమిది ప్లగ్గులకు ఎనిమిది తీగలు, ఇగ్నిషన్ కాయిల్ నుంచి మూత మధ్యకు వచ్చేది ఒకటి, మొత్తం తొమ్మిది. ఆ తొమ్మిదోది వదిలేసిన మోడళ్ళు చాలా చూశాను, తెలిసినవారి కళ్ళు ముందుగా అక్కడికే వెళ్తాయి.

ఇక 1:24 భాగాల సంగతి. అసలు కార్లలోనే రకరకాల పరిమాణాల్లో ఉండే భాగాలను స్కేలు మార్చి వాడుకోవచ్చు. రిమ్ములు అందుకు మంచి ఉదాహరణ. 1:24లో 20 అంగుళాల రిమ్ము, 1:18 కారు పక్కన పెడితే లెక్కకు సరిగ్గా 15 అంగుళాల రిమ్ము అవుతుంది. వెడల్పు కూడా అదే పాళ్ళలో, అంటే నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది. 1960ల నాటి చాలా కార్లకు 14, 15 అంగుళాల సన్నని రిమ్ములు ఉండేవి కాబట్టి అయోషిమా, ఫుజిమి రిమ్ముల పెట్టెల్లో పాతకాలపు డిజైన్ వెతికితే పని జరుగుతుంది. అలాగే సీటు బెల్టు పట్టీ నిజంగా సుమారు 48 మి.మీ. వెడల్పు, 1:18లో 2.7 మి.మీ. రేసు కార్ల బెల్టు 3 అంగుళాలు, 1:24లో 3.2 మి.మీ. కాబట్టి 1:24 రేసు బెల్టుల కోసం చేసిన ఇత్తడి బకిల్, 1:18 మామూలు కారు బెల్టును చక్కగా పట్టుకుంటుంది. పట్టీకి సన్నని శాటిన్ రిబ్బను చాలు.

మనిషి చేతికి, ఒంటికి సరిపడేలా చేసిన భాగాలను మాత్రం స్కేలు మార్చి వాడకండి. 380 మి.మీ. స్టీరింగు 1:24లో 15.8 మి.మీ. అవుతుంది, దానిని 1:18 కారులో పెడితే 285 మి.మీ.తో సమానం, చూడగానే గో-కార్ట్ స్టీరింగులా ఉంటుంది. సీట్లు, పెడల్స్, డాష్‌బోర్డు మీటర్లు కూడా అంతే.

గ్రిల్ కోసం వెనుకవైపు నుంచి మూసిన ప్లాస్టిక్‌ను పలుచగా అరగదీసి, రంధ్రాలు తెరుచుకున్నాక అర మిల్లీమీటరు కన్నుల స్టీలు జాలీ అతికించండి. కార్పెట్‌కు ఫ్లాకింగ్ పొడి (జిగురు మీద చల్లే పొట్టి పోగుల పొడి) సరిపోతుంది. అయితే అర మిల్లీమీటరు పోగులు అసలు కొలతలో 9 మి.మీ.తో సమానమని గుర్తుంచుకుని, అంతకంటే పొడవు పోగులు కొనకండి.

సమాధానం – రెసిన్‌బొట్టు

ఇత్తడిరేకు గారి లెక్కలతో ఏకీభవిస్తాను గాని, రిమ్ముల విషయంలో ఒక సవరణ అవసరం. రిమ్ము మీద చెప్పే అంగుళాలు టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం. బయటికి కనిపించే అంచు దానికంటే సుమారు 35 మి.మీ. పెద్దది. 1:18లో అది దాదాపు 2 మి.మీ. తేడా. కాబట్టి కాగితం మీద 18 అంగుళాలను 25.4 మి.మీ. అని లెక్కకట్టి రిమ్ము తెచ్చుకుంటే టైరులో వదులుగా ఆడుతుంది. మీ కారు టైరు లోపలి వ్యాసాన్ని కాలిపర్‌తో కొలిచి, దాని ప్రకారమే వెతకండి. పైగా 1:24 రిమ్ము వెనుక లోతు తక్కువ కాబట్టి మీ కారు బ్రేకు డిస్కుకు చోటు చాలకపోవచ్చు.

ఈ కారణాల వల్ల రిమ్ములకు రెసిన్ త్రీడీ ప్రింటింగే మేలని నా అభిప్రాయం. నమూనా ఫైలు ఏ స్కేలులో ఉన్నా మార్చుకోవచ్చు: 1:24 నుంచి 1:18కి 133.3 శాతం, 1:12 నుంచి 1:18కి 66.7 శాతం, 1:10 రిమోట్ కార్ల ఫైలు అయితే 55.6 శాతం. పెంచేటప్పుడు ఇబ్బంది లేదు; తగ్గించేటప్పుడే చిక్కు. 1:10లో ఒక మిల్లీమీటరు మందం ఉన్న చువ్వ 1:18లో 0.56 మి.మీ.కి పడిపోతుంది, ప్రింటుకు ఆసరాగా ఉండే ఆధారాలు తీసేటప్పుడే పుటుక్కున విరుగుతుంది. అటువంటి చోట్ల ఫైలులోనే మందం పెంచుకోవాలి. ఇరుసు రంధ్రాన్ని నేరుగా ప్రింటు చేయకుండా కొంచెం పెద్దదిగా ఉంచి, అందులో ఇత్తడి గొట్టం ముక్క బిగిస్తే చక్రం వంకర లేకుండా తిరుగుతుంది, రెసిన్ అరగదు. సొంత ప్రింటరు లేనివారు ఫైలు పంపి చేయించుకోవచ్చు గాని, ఆ ఫైలు రూపకర్త ఎటువంటి అనుమతి ఇచ్చారో ముందుగా చదువుకోవాలి. సొంత వాడకానికి మాత్రమే ఇచ్చే ఫైళ్ళే ఎక్కువ.

సమాధానం – పాతగ్యారేజి

దృశ్యం సంగతి నేను చెబుతాను. మనుషుల విషయంలో మీరు అదృష్టవంతులు: మూడుముప్పావు అంగుళాల యాక్షన్ ఫిగర్లు (కీళ్ళు కదిలే బొమ్మలు) సుమారు 95 మి.మీ. ఎత్తు ఉంటాయి, అంటే 1:18లో 1.71 మీటర్ల మనిషి. కీళ్ళ గీతలు కనిపించకుండా పుట్టీతో పూడ్చి రంగు వేస్తే మెకానిక్ సిద్ధం. సైనిక మోడళ్ళ 1:16 బొమ్మలు కూడా అందంగా ఉంటాయి గాని, 1.75 మీటర్ల మనిషి మీ కారు పక్కన 1.97 మీటర్ల వాడవుతాడు. కూర్చున్న భంగిమలో సర్దుకోవచ్చు, తలుపు పట్టుకుని నిలబడితే మాత్రం దొరికిపోతాడు.

డ్రమ్ములు, డబ్బాల వంటివాటికి కార్ల దుకాణం వైపు చూడనే వద్దు. 20 లీటర్ల జెర్రీ క్యాను (ఇంధనం నింపుకునే డబ్బా) 470 మి.మీ. ఎత్తు, 345 వెడల్పు, 165 మందం. 1:18లో 26, 19, 9 మి.మీ. 1:24 రిమోట్ క్రాలర్లకు (రాళ్ళూ రప్పలూ ఎక్కే రిమోట్ బండ్లకు) అమ్మే క్యాన్లను స్కేలు కంటే కాస్త పెద్దవిగా చేయడం మామూలే, అందుకని వాటిని కొలిచి చూడండి. 1:12 బొమ్మరిళ్ళ సామగ్రిలో పనిముట్ల పెట్టెలు, అరలు, స్టూళ్ళు దొరుకుతాయి. అరల స్టాండు ఒకటిన్నర రెట్లు పెద్దదైనా ఎవరికీ అనుమానం రాదు, దాని కాళ్ళు కాస్త కోసుకోవచ్చు. కుర్చీ అలా కాదు, మనిషి కూర్చోగానే బయటపడుతుంది. చిన్న స్పానర్ల కోసం ఇత్తడి ఎచింగ్ రేకులే దారి, ఎందుకంటే 200 మి.మీ. స్పానర్ మీ దృశ్యంలో 11 మి.మీ. మాత్రమే.

మరొక మాట. అద్దాలు విరిగిన, పెట్టె లేని పాత 1:18 కార్లు కనిపిస్తే వదలకండి. ఒక్క కారు నుంచి ఇంజిన్, నాలుగు చక్రాలు, సీట్లు, స్టీరింగు, అన్నీ సరైన స్కేలులోనే వస్తాయి. పొట్లాల్లో ఏ విడిభాగాలూ ఇంత చవకగా దొరకవు.

ప్రశ్న – పద్దెనిమిదోవంతు

అందరికీ కృతజ్ఞతలు. కారును విప్పేటప్పుడూ అతికించేటప్పుడూ బాడీ రంగుకు, అద్దాలకు హాని కలగకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం – ఇత్తడిరేకు

ముందుగా లోహాన్ని పరీక్షించండి. పాత మోడళ్ళలో రంగు కింద పొక్కులు, సన్నని పగుళ్ళ వల కనిపిస్తే అది జింకు తెగులు. మిశ్రమంలో కలిసిపోయిన సీసం వంటి మాలిన్యం వల్ల పోత లోపలి నుంచి ఉబ్బి చిట్లుతుంది. దానికి మందు లేదు, అటువంటి కారు మీద మంచి భాగాలు వృథా చేయకండి.

అడుగున కనిపించే స్క్రూలన్నీ తీసినా చాసిస్ ఊడకపోతే బలవంతం చేయవద్దు. కొన్ని స్క్రూలు సీట్ల కింద దాగి ఉంటాయి, కొన్నిచోట్ల ప్లాస్టిక్ ముళ్ళను వేడితో కరిగించి బొడిపెలుగా అణచి ఉంటారు. వాటిని పదునైన బ్లేడుతో చెక్కి తీయాలి, తిరిగి పెట్టేటప్పుడు ఎపాక్సీ చుక్క వేయాలి. రివెట్లయితే తలను డ్రిల్లుతో తొలగించాలి.

అద్దాల దగ్గర, లైట్ల దగ్గర సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. అక్కడ ఎండాక పారదర్శకమయ్యే తెల్ల జిగురు చాలు. ఇత్తడి రేకులకు సూపర్ గ్లూ పర్వాలేదు గాని, అతికించే భాగాన్ని కారు బయటే పూర్తిచేసి, ఆవిరి పోయాక లోపల పెట్టండి. ఆల్కహాల్‌తో తుడిస్తే అచ్చు వేసిన లోగోలు లేచిపోవచ్చు కాబట్టి ముందు కనిపించని చోట పరీక్షించాలి. క్రోమ్ అంచులకు బేర్ మెటల్ ఫాయిల్ (అతుక్కునే పలుచని లోహపు రేకు) నా ఎంపిక. క్రోమ్ సిరా పెన్నులు బాగానే మెరుస్తాయి గాని పైన వార్నిష్ వేస్తే ఆ మెరుపు పోతుంది.

విప్పిన స్క్రూలను ఏ రంధ్రానివి ఆ రంధ్రం పేరు రాసిన కాగితానికి టేపుతో అంటించి ఉంచండి. పొడవు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే దాని మొన లోపలి నుంచి బాడీని పొడుస్తుంది, పైన రంగు పెచ్చు లేస్తుంది.