చాట్‌బాట్ ఫిర్యాదు నంబరు ఇవ్వట్లేదు, అంబుడ్స్‌మన్‌కి ఏం చూపించాలి?

దుకాణంలో క్యూఆర్ స్కాన్ చేసి యూపీఐలో కట్టిన 2,340 రూపాయలు ఖాతాలో కట్ అయ్యాయి, వ్యాపారికి చేరలేదు. రిజర్వ్ బ్యాంకు 2019 సర్క్యులర్ ప్రకారం ఇలాంటివి టీ+5 రోజుల్లో (అంటే లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లో) వాటంతట అవే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆ గడువు ఎప్పుడో దాటింది.

యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి డిస్ప్యూట్ పెడితే, 'సక్సెస్' అని చూపించి మూసేశారు. బ్యాంకు యాప్‌లోని చాట్‌బాట్ 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ రిఫరెన్స్ నంబరు) అడుగుతుంది, ఇస్తే 'మీ చెల్లింపు విజయవంతమైంది' అంటుంది. 'వ్యాపారికి అందలేదు' అనే ఆప్షనే లేదు. 'ఏజెంట్' అని టైప్ చేస్తే మళ్లీ మొదటి మెనూ. కస్టమర్ కేర్ ఐవీఆర్‌లో భాష, కార్డు నంబరు అయ్యాక 9 నొక్కితే కాసేపు సంగీతం, ఆపైన కాల్ కట్. ఈమెయిల్‌కి వచ్చిన ఆటోమేటిక్ జవాబేమో మళ్లీ చాట్‌బాట్ దగ్గరికే పొమ్మంటోంది. గానుగెద్దు తిరుగుడే!

అంబుడ్స్‌మన్‌ (బ్యాంకులపై ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అధికారి) దగ్గరికి వెళ్లాలంటే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజులు చూడాలి. నా దగ్గర ఫిర్యాదు నంబరు లేదు. చాట్ స్క్రీన్‌షాట్లు, తేదీతో ఉన్న ఆ ఆటోమేటిక్ ఈమెయిల్, స్టేట్‌మెంట్ మాత్రం ఉన్నాయి. బ్రాంచిలో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోవచ్చు, కానీ అప్పుడు 30 రోజుల లెక్క మళ్లీ మొదలవుతుందేమో.

నంబరు లేకుండా, ఆ ఈమెయిల్ తేదీనే ఫిర్యాదు తేదీగా చూపించి రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో వేసినవాళ్లున్నారా, అంగీకరించారా?