హ్యాకథాన్‌కి ఇంటి ఫ్లోరైడ్ ఫిల్టర్: అల్యూమినా ఎంత, లెక్క చూపించేది ఎలా?

ఒంగోలు_మెక్_థర్డియర్:
అందరికీ నమస్కారం. ఆరుగురం టీమ్, అందులో ఇద్దరు అమ్మాయిలు, కాబట్టి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ రూలుకి సరిపోయింది. హార్డ్‌వేర్ విభాగంలో స్టూడెంట్ ఇన్నోవేషన్ కింద వేద్దామని ఉంది. కనిగిరి, పీసీ పల్లి వైపు ఇళ్లకి కరెంటు లేకుండా నడిచే ఫ్లోరైడ్ ఫిల్టర్, లోపల యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ని పట్టుకునే గుళికలు). ఎన్ని కిలోలు వెయ్యాలి, ఎన్నాళ్లొస్తుంది? మందు (అదే అల్యూమినా) పని అయిపోయిందని తెలియడానికి వైఎఫ్-ఎస్201 ఫ్లో సెన్సరు, ఆర్డుయినో ఊనో కంట్రోలర్ బోర్డు పెడితే సరిపోద్దా? ఆర్‌ఓ క్యాన్లు ఊరూరా ఉన్నాయి గదా, ఇదెందుకు అని జడ్జీలు అడిగితే ఏం చెప్పాలి?

బోరునీళ్ల_కెమిస్ట్రీ:
ముందు చివరి ప్రశ్న. క్యాన్ నీళ్లు తాగడానికి కొంటారు. అన్నం, పప్పు, టీ చాలా ఇళ్లలో బోరు నీళ్లతోనే. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపదు. అందుకని "తాగునీటి ఫిల్టర్" అని కాకుండా "వంటనీళ్ల ఫిల్టర్" అని రాయండి, ఆ ప్రశ్న సగం అక్కడే తేలిపోద్ది.

ఇక లెక్క. ఐఎస్ 10500 (తాగునీటికి మన దేశ ప్రమాణం) ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు 4 అనుకోండి, లీటరుకి 3 మి.గ్రా. తియ్యాలి. మామూలు బోరు నీళ్లలో కిలో అల్యూమినా సుమారు 1 గ్రాము పట్టుద్దనుకుని మొదలుపెట్టండి. 3 కిలోలకి 3000 మి.గ్రా., అంటే 1000 లీటర్లు. రోజుకి 20 లీటర్లు వాడే ఇంటికి 50 రోజులు. బోరు 5 ఉంటే 750 లీటర్లకే సరి.

ఆ 1 గ్రాము అంకెని మాత్రం పీపీటీలో అలాగే పెట్టకండి. అల్యూమినా బాగా పనిచేసేది పీహెచ్ 5.5, 6 మధ్య. మన బోర్లు 8 దగ్గరుంటాయి, బైకార్బొనేట్ ఎక్కువ, అది ఫ్లోరైడ్ చోటుని తనే ఆక్రమిస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి టెస్ట్ చేస్తే అంకె ఘనంగా వస్తుంది, ఊళ్లో పెట్టాక పడిపోద్ది. అసలు బోరు నీళ్లే తెచ్చి చిన్న కాలమ్ (మందు నింపిన గొట్టం) నడపండి: అంగుళం పైపులో 100 గ్రాముల మందు, గంటకి 330 మి.లీ. చొప్పున. ఆ 1 గ్రాము లెక్క నిజమైతే 33 లీటర్ల దగ్గర మందు పని అయిపోవాలి, అంటే నాలుగు రోజుల పని. రెండేసి లీటర్లకి ఒక శాంపిల్ పట్టండి.

ఇంటికి పెట్టే అసలు ఫిల్టర్ కట్టడానికి 110 మి.మీ. పీవీసీ పైపు చాలు, 3 కిలోలు అందులో 43 సెం.మీ. ఎత్తు వస్తాయి. అడుగున జాలీ, గులకరాళ్లు. బయటికొచ్చే గొట్టాన్ని మందు మట్టం కంటే పైకి వంచి తేవాలి. లేదంటే రాత్రికి మందు ఆరిపోయి సందులు పడతాయి, పొద్దున నీళ్లు ఆ సందుల్లోంచే జారిపోతాయి. వేగం గంటకి 10 లీటర్లు, లీటరు సీసా నిండటానికి ఆరు నిమిషాలు పట్టేలా ట్యాప్ తిప్పుకోండి. కొత్త మందుని తెల్లటి పొడి పోయేదాకా కడిగాకే వాడాలి.

సోల్డర్_బాబాయ్:
వైఎఫ్-ఎస్201 కొనకండి తమ్ముళ్లూ. నిమిషానికి 1 లీటరు దాటితేనే అది పనిచేసేది. మీ ధార నిమిషానికి సుమారు 167 మి.లీ., లోపలి చక్రం కదలను కూడా కదలదు. ఊనో బోర్డు ఖాళీగా ఉన్నా 40, 50 మిల్లీయాంపులు తింటుంది, 9 వోల్టుల బ్యాటరీ ఒక పూట.

నీళ్లు పోసే పై బకెట్ ఎన్నిసార్లు నిండిందో లెక్కపెట్టడానికి అందులో అయస్కాంతం ఉన్న ఫ్లోట్, రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునే గాజు స్విచ్) పెడదామన్నా చిక్కే. ఆడవాళ్లు బకెట్ నిండా పొయ్యరు, సగం బిందె పోస్తారు, లెక్క తప్పుద్ది. పైగా నీళ్లయిపోయాక ఫ్లోట్ అడుగున కూర్చుని స్విచ్‌ని రాత్రంతా మూసే ఉంచుద్ది. 10 కిలోఓముల పుల్అప్ రెసిస్టర్ మీద 3 వోల్టులకి 0.3 మిల్లీయాంపు, నెల తిరిగేసరికి బటన్ సెల్ ఖాళీ.

దానికంటే బయటికొచ్చే చోట తిరగబడే దొప్ప పెట్టండి, వానమాపకంలో ఉండేలాంటిది. రెండు గదులు, ఒక్కోటి 250 మి.లీ. నిండగానే అటు ఒరుగుతుంది. మధ్యలో అయస్కాంతం, ఒరిగేటప్పుడు మాత్రమే రీడ్ స్విచ్ పక్కనుంచి పోతుంది కాబట్టి కరెంటు లాగేది ఆ క్షణమే. ఏటీటైనీ85 అనే చిన్న కంట్రోలర్ చిప్‌ని పవర్‌డౌన్‌లో (నిద్రలో) పెట్టి, స్విచ్ కొట్టినప్పుడు ఇంటరప్ట్‌తో లేపండి. 1000 లీటర్ల లెక్కకి కాస్త ముందే, 800 లీటర్లకి, అంటే 3200 ఒరుగులకి, ఎర్ర ఎల్‌ఈడీ మిణుకుమనాలి. ఒక్క ఒరుగుకి స్విచ్ రెండు మూడుసార్లు కొట్టుకుంటుంది, అర సెకను దాకా ఇంకోటి లెక్కపెట్టొద్దని కోడ్‌లో రాయండి. రీడ్ స్విచ్ కాలు వంచేటప్పుడు గాజు పక్కన పటకారుతో పట్టుకోండి, లేకపోతే చిట్లుద్ది. మీ ప్రాజెక్టులో కొత్తదనం ఇదే. అల్యూమినా పాతది.

ఒంగోలు_మెక్_థర్డియర్:
దొప్ప ఆలోచన బాగుంది బాబాయ్, యాక్రిలిక్‌తో కోసి చూస్తాం. కెమిస్ట్రీ సర్, శాంపిల్స్ మా కాలేజీలో స్పాడ్న్స్ రియేజెంట్‌తో (రంగు మారడాన్ని బట్టి ఫ్లోరైడ్ చెప్పేది) చూడొచ్చా? మందు మళ్లీ పనికిరావాలంటే ఏం చెయ్యాలి?

బోరునీళ్ల_కెమిస్ట్రీ:
పచ్చి నీళ్లకి స్పాడ్న్స్ పర్లేదు. ఫిల్టర్ దాటిన నీళ్లకి వద్దు. అల్యూమినాలోంచి కాస్త అల్యూమినియం దిగినా ఆ రంగు పరీక్ష ఫ్లోరైడ్‌ని తక్కువ చేసి చూపిస్తుంది, ఫిల్టర్ అద్భుతమని మీరు మురిసిపోతారు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ (నీళ్లలో ముంచి ఫ్లోరైడ్ కొలిచేది) వాడండి, కొలిచే ముందు శాంపిల్‌కి సమానంగా టైసాబ్ అనే బఫర్ ద్రావణం కలిపి. శాంపిళ్లు ప్లాస్టిక్ సీసాల్లోనే, గాజు వద్దు. మీ దగ్గర ఎలక్ట్రోడ్ లేకపోతే గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌లో అడగండి, జల్ జీవన్ మిషన్ వచ్చాక ఆ ల్యాబుల్లో బయటివాళ్ల శాంపిళ్లు కూడా తీసుకుంటున్నారు. అల్యూమినియం కూడా చూపించండి, లీటరుకి 0.2 మి.గ్రా. దాటకూడదు.

మందు కడగడం ఇంట్లో చేయించే పని కాదు. నైలాన్ సంచిలో పోసి, 10 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి నానబెట్టాలి, తర్వాత మంచినీళ్లు, ఆపైన పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్, పీహెచ్ 7కి వచ్చేదాకా మళ్లీ నీళ్లు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఊరికి ఒకచోట, నేర్పిన మనిషితో చేయించే ఏర్పాటు మీ ప్లాన్‌లో కనపడాలి, ఇళ్లకి సంచి మార్చి ఇస్తే చాలు.

ఆ కాస్టిక్ నీళ్లు కాలవలో పొయ్యకూడదు. 3 గ్రాముల ఫ్లోరైడ్ 10 లీటర్లలోకి దిగితే లీటరుకి 300 మి.గ్రా., బోరు కంటే 75 రెట్లు. సున్నం కలిపితే చాలావరకు కాల్షియం ఫ్లోరైడై కిందికి దిగుతుంది, పైన తేరిన నీళ్లలో ఇంకా 10 దాకా మిగలొచ్చు. వాటిని నీళ్లు ఇంకని తొట్టిలో ఆరబెట్టాలి. జడ్జీల్లో ఒక్క కెమిస్ట్రీ మనిషి ఉన్నా మొదటి ప్రశ్న దీనిమీదే.

పేటెంట్_డెస్క్:
ఒక్క మాట. దొప్ప కౌంటర్‌కి పేటెంట్ ఆలోచన ఉంటే, స్టేజీ ఎక్కకముందే ప్రొవిజనల్ అప్లికేషన్ (పూర్తి వివరాలకి ముందు వేసే తాత్కాలిక దరఖాస్తు) వెయ్యండి. జనం ముందు చూపించేశాక కొత్తదనం లేదని కొట్టేసే ప్రమాదం ఉంది. విద్యాసంస్థ పేరు మీద గానీ వ్యక్తుల పేరు మీద గానీ ఆన్‌లైన్ ఫీజు 1600 రూపాయలు, పూర్తి స్పెసిఫికేషన్‌కి 12 నెలల గడువు. డ్రాయింగ్ ఒకటి, పనిచేసే తీరు రెండు పేజీలు చాలు. ఫిల్టర్ మొత్తాన్ని అడగొద్దు, ఫిల్టర్ చివర దొప్పతో లీటర్లు లెక్కపెట్టి మందు మార్చే సమయం చెప్పే ఏర్పాటు వరకే అడగండి. ఈ చర్చలో ఇప్పటికే ఇంత రాసుకున్నారు, ఇది కూడా బహిరంగమే, ఇక దొప్ప కొలతలూ, కోడూ ఇక్కడ పెట్టకండి.