అప్‌డేట్: బోడుప్పల్‌లో ఇల్లు దొరికింది

అమ్మకీ నాకూ ఉప్పల్ వైపు పది వేలలోపు సింగిల్ బెడ్‌రూం, బ్రోకర్ లేకుండా దొరుకుతుందా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. దొరికిందండీ!

యాప్‌లు పక్కనపెట్టి గల్లీలు తిరగమన్నారు కదా, అదే పనిచేసింది. మూడు ఆదివారాలు తిరిగాం. ఒకచోట అద్దె, గాలీ వెలుతురూ అన్నీ నచ్చాయి, కానీ ఎండాకాలం బోరు ఎండిపోతుందని పక్కింటావిడ మెల్లగా చెప్పింది. ఆవిడకు ఎంత రుణపడ్డానో! మీరూ ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు పక్కింటివాళ్లతో మాట్లాడండి.

చివరికి కిరాణా కొట్టు గోడ మీద చాక్‌పీసుతో రాసిన టులెట్ చూసి వెళ్లాం. గ్రౌండ్ ఫ్లోర్, అద్దె 9,000, రెండు నెలల అడ్వాన్స్. కరెంటుకు విడి మీటరుంది. అమ్మ మోకాళ్లకు మెట్లెక్కే పని తప్పింది, నాకు అదే పెద్ద ఊరట. ఉప్పల్ మెట్రోకి షేర్ ఆటోలో వెళ్లిపోతున్నాను.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకని కంగారుపడ్డాను. ఇక్కడ చాలామంది అలాగే రాసుకుంటారట. గోడల మీది పాత మరకలన్నీ ఓనరు గారి ముందే ఫొటోలు తీసి పంపాను.

నిన్ననే పాలు పొంగించాం. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.