సమస్య: “చచ్చినట్టివాఁడె సాక్షి యయ్యె”

నిర్వాహకులు: ఛందస్సు ఆటవెలది. కథ అర్థశాస్త్రం నాటి రాజ్యంలో జరగాలి. హత్య జరిగింది. విచారించేవాడు కంటకశోధన (నేరస్థులను ఏరివేసే విచారణ) చేసే ప్రదేష్ట అనే అధికారి, ఎదుటివాడి మనసు చదవగల దిట్ట. శవం లేచి మాట్లాడే మాయలు వద్దు.

మొదటి పూరణ:

నూనె పూసి చూడ నురుగు నోట నిలిచె;
గోళ్లు నల్లనయ్యె; గుట్టు తేలె;
నోరు లేని తనువె నూఱు మాటలు సెప్పె;
చచ్చినట్టివాఁడె సాక్షి యయ్యె.

సమీక్ష: ధార హాయిగా ఉంది. “తైలాభ్యక్తమాశుమృతకం పరీక్షేత” (హఠాత్తుగా చనిపోయినవాడి శవాన్ని నూనె పూసి పరీక్షించాలి) అని అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో (భాగంలో) ఉన్న మాటే మొదటి పాదమైంది. నోట నురుగు, నల్లబడ్డ గోళ్లు విషానికి అక్కడ చెప్పిన గుర్తులే. మూడో పాదం నోట నిలిచిపోతుంది. అయితే ఇందులో శవం ఉంది, పరిశోధకుడు లేడు. మనసు చదవమన్నాం కదా!

రెండో పూరణ:

శవము ముందు నిలుప సఖుఁడు తొట్రువడెను;
నాల్క యెండె, నుదుట నంటెఁ జెమట;
ఆవులింత మీఁద నావులింతలు వచ్చె;
చచ్చినట్టివాఁడె సాక్షి యయ్యె.

సమీక్ష: ఇదీ మేం అడిగింది. విషం పెట్టినవాడికి నోరెండుతుంది, మాట తడబడుతుంది, చెమట పడుతుంది, వణుకు పుడుతుంది, అతిగా ఆవులింతలొస్తాయి, ఉన్నచోట నిలవలేడు అని మొదటి అధికరణం చెబుతుంది. వీటిలో ఆవులింతను పట్టుకోవడం గడుసుతనం. చెమటంటే ఎవరైనా రాస్తారు. మూడో పాదం మొదట విసంధి (సంధి కలపకపోవడం) ఉంది, “యావులింత” అనండి. యతి చెడదు.

మరొకరి అభ్యంతరం: అయ్యా, నిరపరాధి కూడా శవం ముందు వణుకుతాడు. చెమట చూసి దోషి అనేస్తే ప్రదేష్ట ఎందుకు, తలారి చాలు.

నిర్వాహకులు: న్యాయమైన మాట. ఇంకొకరు “వంటశాలలోన విషము కలిపిరి” అని ఎత్తుకున్నారు. యతి తప్పింది, చివరి గణం కూడా చాల్లేదు. “వంటశాలలోన వలలుఁడు విషముంచె” అంటే రెండూ కుదురుతాయి. మిగతా పాదాలు సరిచేసి మళ్లీ పంపండి.

మూడో పూరణ:

దెబ్బ కోర్వలేక దిక్కులేని భటుఁడు
విషము పెట్టితి నని వెఱచి పలికె;
మెడను వేళ్ల గుర్తు మిగిలి వానినిఁ గాచె;
చచ్చినట్టివాఁడె సాక్షి యయ్యె.

సమీక్ష: భేష్! అందరూ శవాన్ని హంతకుడి మీదికి సాక్షిగా తెస్తే, మీరు ముద్దాయి తరఫున నిలబెట్టారు. సమస్యలోని విరోధం ఇక్కడే నిజంగా విడింది. పై అభ్యంతరానికి జవాబూ ఇదే. దొంగ కాకపోయినా హింసకు భయపడి “నేనే దొంగను” అన్న అణిమాండవ్య మునిని కౌటిల్యుడే ఉదాహరించాడు. అది దొంగతనం సంగతే అయినా భయం పనిచేసే తీరు ఒకటే. ఒప్పుకోలును నమ్మకుండా అది ఎక్కడ పుట్టిందో వెతికేవాడే మనసు తెలిసిన పరిశోధకుడు. గొంతు నులిమితే శవం కళ్లు తెరుచుకుని ఉంటాయని, గొంతు మీద గుర్తు ఉంటుందని ఆ నాలుగో అధికరణమే చెబుతుంది కాబట్టి మూడో పాదానికి ఆధారమూ ఉంది.

రెండో కవి: బాగుంది గానీ, ఆ గొంతు నులిమిందీ భటుడే అయితే?

మూడో కవి: కావచ్చు. వాడు నిర్దోషి అని నేననలేదండీ, వాడి ఒప్పుకోలు అబద్ధమని తేలిందన్నాను. “కాచె” అన్నది ఆ పూటకి, దెబ్బల నుంచి. విచారణ మళ్లీ మొదలవుతుంది.

నిర్వాహకులు: అలాగైతే ప్రదేష్ట త్వరపడాలి. అనుమానం మీద మూడు రాత్రులు దాటాక మనిషిని పట్టకూడదని, అప్పుడిక ప్రశ్నించి లాభం లేదని అదే శాస్త్రం. నేరానికి వాడిన సాధనాలు దొరికితే మాత్రం వేరు. ఈ మూడు రాత్రుల గడువును పద్యంలో ఇమిడ్చి ఎవరైనా పూరించండి. తేటగీతి అడక్కండి, సమస్య ఆటవెలదిలోనే ఉంది.