ప్రైమరీ టీచర్లకు సంఖ్యల మీద ఒక సెషన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: గణితం ఎస్ఏ (స్కూల్ అసిస్టెంట్), నల్గొండ జిల్లా

వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే సమావేశం) మా చుట్టుపక్కల ప్రైమరీ స్కూళ్ల ఎస్‌జీటీలకు (సెకండరీ గ్రేడ్ టీచర్లకు) సంఖ్యల మీద సెషన్ తీసుకోమని హెచ్ఎం సార్ అడిగారు. భోజనాల తర్వాత రెండు గంటలు. నేను హైస్కూల్లో 8, 9, 10 తరగతులకు లెక్కలు చెప్తాను.

వాళ్లకు లెక్కలు రావని నేను అనడం లేదు. ఒక్క మనిషే తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, ఈవీఎస్ అన్నీ చెప్పాలి. ఇంటర్‌లో బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ చదివి డీఎడ్ చేసినవాళ్లు చాలామంది. చిన్నప్పుడు తమకు ఏ పద్ధతి నేర్పారో పిల్లలకూ అదే నేర్పుతున్నారు. ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో వాళ్లకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆరో తరగతిలో చేరే పిల్లల్ని చూస్తే ఇది తెలుస్తుంది. 816ను 8తో భాగించమంటే భాగఫలం 12 అంటారు. నూట ఐదు రాయమంటే 1005 రాస్తారు. 0.35, 0.4లో ఏది పెద్దదంటే 0.35 అంటారు, 4 కన్నా 35 పెద్దది కదా అని. 23 × 14 చేస్తూ రెండో వరసలో ఒకట్ల కింద ఇంటూ గుర్తు పెడతారు. అదెందుకు నాన్నా అంటే "అక్కడ పెట్టాలి మేడమ్" అంటారు.

2022లో తొలిమెట్టు (ప్రైమరీ పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు బాగా వచ్చేలా తెలంగాణ ప్రభుత్వం పెట్టిన కార్యక్రమం) మొదలయ్యాక మన దగ్గర ట్రైనింగులు బాగానే జరిగాయి. కృత్యాలు, టీఎల్‌ఎం (బోధనా సామగ్రి), పిల్లల స్థాయిని బట్టి గ్రూపులు చేయడం, ఇవన్నీ చెప్పారు. కానీ లెక్క లోపల ఏం జరుగుతోందో టీచర్లు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే సమయం దొరకలేదు. ఈ రెండు గంటలూ దానికే వాడాలని నా పట్టుదల.

భాజనీయతా సూత్రాల (ఒక సంఖ్య ఇంకో సంఖ్యతో శేషం లేకుండా పోతుందో లేదో చెప్పే సూత్రాల) నిరూపణలు చెప్పనా? ఐదు ఆధారంగా సంఖ్యామానం (పదులకు బదులు ఐదుల కట్టలతో సంఖ్యలు రాసే పద్ధతి) చెప్పనా? వచ్చేవాళ్లలో నాకన్నా సీనియర్లు ఉన్నారు. హైస్కూల్ నుంచి వచ్చి మాకు పాఠం చెప్తోంది అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఎస్‌జీటీ, సింగిల్ టీచర్ స్కూల్, మహబూబాబాద్ జిల్లా

మేడమ్, మీరు చెప్పిన హెచ్ఈసీ వాళ్లలో నేనూ ఉన్నాను. నిరూపణలతో మాత్రం మొదలుపెట్టకండి. బోర్డు మీద అక్షరాలు కనపడగానే సగం మంది మనసులో బయటికి వెళ్లిపోతారు. అలాగే ఎవరినీ పేరు పెట్టి బోర్డు దగ్గరికి పిలవకండి.

మీ ఆరో తరగతి పిల్లల నోటుబుక్కులు తీసుకెళ్లండి. ఆ 816 ÷ 8 పేజీని అందరికీ చూపించి, "ఈ పిల్లాడు ఏం ఆలోచించి ఇలా రాసి ఉంటాడు?" అని అడగండి. మాకు రోజూ ఎదురయ్యే సంగతి కాబట్టి అందరం మాట్లాడతాం. 8లో 8 ఒకసారి పోయింది. 1లో పోలేదు. వెంటనే 6ను కూడా కిందికి దించుకున్నాడు, 16లో 8 రెండుసార్లు పోయింది. వాడి దృష్టిలో ప్రతి మెట్టూ సరైనదే.

తర్వాత డబ్బులతో చేయించండి. 8 వంద నోట్లు, ఒక పది నోటు, 6 రూపాయి బిళ్లలు. ఎనిమిది మందికి సమానంగా పంచాలి. తలా ఒక వంద వచ్చింది. పది నోటు ఒక్కటే ఉంది, ఎవరికీ ఇవ్వలేం. అంటే పదుల్లో ఎవరికీ ఏమీ రాలేదు, అక్కడ 0 పడాలి. ఆ నోటును చిల్లర మారిస్తే మొత్తం 16 బిళ్లలు, తలా రెండు. జవాబు 102. చేత్తో పంచితే ఆ 0 దానంతట అదే వస్తుంది. "పోకపోతే సున్నా పెట్టాలి" అనే రూలు నేను చెప్పి చెప్పి అలసిపోయాను. పంచడం మొదలుపెట్టాక ఆ రూలు చెప్పే అవసరమే రావడం లేదు.

ఇంకో విషయం. భాగహారానికి రెండు అర్థాలున్నాయని మాకు ఎవరూ విడదీసి చెప్పలేదు. 12 ÷ 3 అంటే 12 చింతగింజలు ముగ్గురికి పంచడం కావచ్చు, మూడేసి చొప్పున ఎన్ని కుప్పలవుతాయో చూడటం కావచ్చు. జవాబు ఒకటే, పని వేరు. దీనికి కనీసం ఇరవై నిమిషాలు ఇవ్వండి.

జవాబు 2: విశ్రాంత డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

పై టీచరమ్మ చివర్లో చెప్పిన మాటను వదలకండి, భిన్నాలకు దారి అక్కడి నుంచే ఉంది.

అమెరికా, చైనా ప్రాథమిక పాఠశాలల టీచర్లను పోల్చిన ఒక పరిశోధన 1999లో పుస్తకంగా వచ్చింది. అమెరికా నుంచి 23 మంది, చైనా నుంచి 72 మంది. 1¾ ÷ ½ చేసి, దానికి సరిపోయే ఒక కథ లెక్క చెప్పమన్నారు. అమెరికా టీచర్లలో సగం కన్నా తక్కువ మందికే సరైన జవాబు పూర్తిగా వచ్చింది. కథ దగ్గర ఇంకా ఇబ్బంది పడ్డారు. చాలామంది ఇద్దరికి పంచే కథ చెప్పారు, అది ½తో కాదు, 2తో భాగించడం. చైనా టీచర్లందరూ లెక్క సరిగ్గా చేశారు, కథ కూడా ఎక్కువ మంది సరిగ్గా చెప్పారు. గమనించవలసిన సంగతి, చైనా టీచర్లు మొత్తం చదివింది 11, 12 ఏళ్లే. అమెరికా వాళ్లు డిగ్రీ దాటినవాళ్లు. చైనాలో టీచర్లు ఉద్యోగంలో చేరాక కూడా జట్లుగా కూర్చుని, తాము చెప్పే పాఠాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటారు. మీ మీటింగ్ అలాంటిదైతే సీనియర్లు ఎందుకు నొచ్చుకుంటారమ్మా?

అదే లెక్క ఇవ్వండి. 1¾ లీటర్ల పాలు, అర లీటర్ ప్యాకెట్లు. ఎన్ని నిండుతాయి? మూడు నిండి పావు లీటర్ మిగులుతుంది. జవాబు 3¼ కాదు, 3½. మిగిలిన పావు లీటర్ అర లీటర్ ప్యాకెట్‌లో సగం కాబట్టి. ఈ ఒక్క చోట గది మొత్తం వాదనకు దిగుతుంది. దిగనివ్వండి, మీరు తొందరపడి తీర్పు చెప్పకండి.

తీసివేతకు 502 − 237 తీసుకోండి. పదుల్లో సున్నా ఉంది కదా, అక్కడ 9 ఎలా వచ్చింది? ఐదు వందల్లో ఒకటి విప్పితే 10 పదులు, అందులో ఒకటి విప్పితే 10 ఒకట్లు. అంటే 4 వందలు, 9 పదులు, 12 ఒకట్లు. విలువ మారలేదు. ఆ తర్వాత రెండు సంఖ్యల్లోనూ 3 తగ్గించి 499 − 234 చేయమనండి. ఏదీ విప్పకుండానే 265 వస్తుంది. ఎందుకు వచ్చిందో వాళ్లే చెప్పాలి.

ఐదు ఆధారం వద్దు. పరీక్ష కోసం చదివిన పాఠంలా అనిపిస్తుంది.

జవాబు 3: రిసోర్స్ పర్సన్, అనంతపురం జిల్లా

సార్ మాటను కాదంటున్నానని అనుకోవద్దు, ఐదు ఆధారాన్ని నేను ప్రతి ట్రైనింగులో వాడతాను. కాకపోతే ఆ పేరు ఎత్తను. చీపురు పుల్లలు ఇచ్చి, ఐదు కాగానే కట్ట కట్టమంటాను. ఐదు కట్టలైతే పెద్ద కట్ట. మనకు 0, 1, 2, 3, 4 అంకెలే ఉన్నాయి, ఇక రాయండి. 4 తర్వాత 10. 44 తర్వాత 100. 13కి (ఒక కట్ట, 3 పుల్లలు) 4 కలిపితే 22 (రెండు కట్టలు, 2 పుల్లలు). పాతికేళ్ల సర్వీసున్నవాళ్లు కూడా వేళ్లు లెక్కపెడతారు. ఒకటో తరగతి పిల్లలకు 9 తర్వాత 10 రాయడం ఎంత పెద్ద పనో అప్పుడు గట్టిగా తెలుస్తుంది. అరగంట మించనివ్వకూడదు, అంతే.

1005 సంగతి: ఆ పిల్ల విన్నది విన్నట్టు రాసింది. నూరుకు 100, ఐదుకు 5. వెడల్పుగా 100 రాసిన కార్డు, చిన్నగా 5 రాసిన కార్డు చేసి, 5ను చివరి సున్నా మీద పెట్టించండి. 105 కనిపిస్తుంది. కింద ఏముందో కార్డు ఎత్తి చూసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. నిరూపణలు తీసేశాను. నోటుబుక్కులతో మొదలుపెట్టి, 816 పంపకం, భాగహారం రెండు అర్థాలు, తర్వాత పాల లెక్క. పుల్లల కట్టలు కూడా పెడుతున్నాను, పేరు చెప్పకుండా. సార్ ఏమీ అనుకోరని ఆశ.

ఇంటూ గుర్తు సంగతి నేనే చూసుకుంటాను. దీర్ఘచతురస్రం గీసి ఒక పక్క 20, 3, ఇంకో పక్క 10, 4 రాయిస్తాను. లోపలి నాలుగు గళ్లలో 200, 30, 80, 12. మొత్తం 322. రెండో వరసలో మనం 23తో గుణించేది 1ని కాదు, 10ని. అందుకే ఒకట్ల చోటు ఖాళీ. నేను ఎనిమిదో తరగతిలో (x + 3)(x + 4) చెప్పేటప్పుడు గీసే బొమ్మ కూడా ఇదే. నాలుగో తరగతిలో ఈ బొమ్మ చూసి వచ్చిన పిల్లలకు నేను విభాగ న్యాయం (భాగాల్ని విడివిడిగా గుణించి కలపవచ్చనే నియమం) కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ మాట వాళ్లతో తప్పకుండా అంటాను, మన పని ఒకటేనని వాళ్లకు తెలియాలి.

0.35, 0.4 ఈసారికి కుదరదు. మహబూబాబాద్ టీచర్ గారూ, దశాంశాలకు మీరు డబ్బులే వాడతారా, స్కేలు వాడతారా? రూపాయల్లో అయితే పిల్లలు 0.4ను నాలుగు పైసలు అనుకుంటున్నారు.

జవాబు 1 రాసినవారు:

స్కేలే మేడమ్. నేలమీద మీటరు గీత గీసి ముందు పది భాగాలు చేయిస్తాను. నాలుగో గీత దగ్గర ఒకరిని నిలబెట్టి, 0.35 మీటరు ఎక్కడుంటుందో మిగతావాళ్లను వెతకమంటాను. మూడో గీత దాటాక మళ్లీ పది చిన్న భాగాలు కావాలని వాళ్లే అడుగుతారు.