ఆడవాళ్ల విశ్రాంతి క్యాలరీలకు ఏ లెక్క నమ్మాలి?

వంశధార (శ్రీకాకుళం):
మా అక్కకు 40 ఏళ్లు, 48 కిలోలు, 152 సెంటీమీటర్లు. ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా ఒంటికి రోజుకు ఎన్ని క్యాలరీలు ఖర్చవుతాయో లెక్క వేశాను. హారిస్–బెనెడిక్ట్ సూత్రం 1,208 అంటోంది, మిఫ్లిన్–సెయింట్ జోర్ 1,069 అంటోంది. అక్క బరువు తగ్గాలంటోంది. ఏది పట్టుకోవాలి?

బొబ్బిలి వీణ (విజయనగరం):
రెండోదే. మొదటిది 1919 నాటిది, ఎక్కువ చూపిస్తుంది. 1990 నాటి మిఫ్లిన్ లెక్క చేత్తోనే వేసుకోవచ్చు: బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చించి కలపండి. వయసుకు అయిదు రెట్లు, ఆపైన ఆడవారికి 161 తీసేయండి.

పలాస టీచరు:
వీణ గారూ, రెండూ అమెరికాలో మనుషులను కొలిచి కట్టినవే. మనవారికి అంతర్జాతీయ సూత్రాలు ఎక్కువ చూపిస్తాయని మన పోషకాహార నిపుణులే అయిదు శాతం తగ్గించి లెక్క కట్టారు. కాబట్టి తక్కువ అంకె వైపే మొగ్గుదాం, సరే. కానీ పడుకుని ఉన్నప్పటి ఆ అంకెనే కంచంలోకి దించడం అన్యాయం! మా ఊళ్లో జీడిపిక్కలు కొట్టే ఆడవారిని చూడండి. కాలితో పెడల్ తొక్కుతూ, చేత్తో పిడి లాగుతూ, ఒక్కో పిక్కనూ బ్లేడు మధ్య నిలబెడతారు. 1,069తో ఆ ఒళ్లు ఏమవుతుంది? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక 55 కిలోల స్త్రీకి కూర్చుని చేసే పనికి 1,660, మధ్యస్థ శ్రమకు 2,130, బరువు పనికి 2,720 చెబుతోంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ ఇంకో 600.

బొబ్బిలి వీణ:
ఒప్పుకుంటాను. కానీ నాలా రోజంతా కుర్చీలో ఉండేవారు ఆ రెండు సూత్రాల తేడా, అంటే దాదాపు 140 క్యాలరీలు, రోజూ ఎక్కువ వేసుకుంటే ఒంటికి పట్టదా?

పలాస టీచరు:
పడుతుంది. అయితే సూత్రాల మధ్య తేడా కన్నా మనిషికీ మనిషికీ ఉండే తేడానే పెద్దది కావచ్చు. కండ ఎక్కువుంటే ఖర్చు ఎక్కువ, థైరాయిడ్ మందగిస్తే తక్కువ. కచ్చితంగా తేలాలంటే పరగడుపున పడుకోబెట్టి, పీల్చే ప్రాణవాయువు కొలవాలి. అంత వీలు లేనివారు ఒక అంకె ఎంచుకుని నెల రోజులు అలాగే తిని, వారానికోసారి పరగడుపున బరువు చూసుకుని సవరించుకోవాలి.

వంశధార గారూ, 152 సెంటీమీటర్లకు 48 కిలోలు ఎక్కువ కానే కాదు. అక్క ఎందుకు తగ్గాలి? పొలం పనికి వెళ్తారా?

వంశధార:
వెళ్తుంది. పొద్దున చోడి (రాగి) అంబలి తాగి వెళ్తే మధ్యాహ్నం దాకా ఏమీ తినదు. ఈమధ్య త్వరగా అలసిపోతోంది.

పలాస టీచరు:
అయితే క్యాలరీలు తగ్గించే మాట పక్కన పెట్టి, ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.