మా ఆవిడకి సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ: కొనాలా, వద్దా?

నిజాంపేటవాసి
అందరికీ నమస్కారం. పదిహేను రోజులుగా ఇంట్లో ఇదే చర్చ, మీరైనా తేల్చండి. మా ఆవిడ మత్తు డాక్టరు. నిజాంపేట నుంచి కూకట్‌పల్లిలోని హాస్పిటల్‌కి రానూ పోనూ 14 కిలోమీటర్లు. నెలలో పది రోజులైనా రాత్రిపూట పిలుపు వస్తుంది. తొమ్మిదేళ్ల చిన్న కారు, మాన్యువల్ గేర్లు. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పోయిందంటోంది.

ఒక 2021 బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్1 డీజిల్ చూశాను. 46 వేలు తిరిగింది, ఒకటే ఓనరు, టీఎస్ నంబరు. 27 లక్షలు చెప్తున్నాడు. ఆ డబ్బుకి కొత్త మహీంద్రానో హ్యుందాయో పై మోడల్ వచ్చేస్తుందని తెలుసు. కానీ మనసు దీని మీదే ఉంది. ఆవిణ్ని అడిగితే "నీ ఇష్టం" అంది. ఆ మాటకి అర్థమేంటో పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

లెక్కలమాస్టారు
వద్దు. ఈ మోడల్ 2020లో వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధరే 35.9 లక్షల దగ్గర మొదలైంది. మీకు బండి సగం ధరకో ముప్పావు ధరకో వస్తుంది గానీ స్పేర్ పార్టు రాదు. బంపరు పగిలిన రోజు కౌంటర్ దగ్గర మీరు కొత్త బండి ఓనరే.

ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల పేరుతో క్లెయిమ్‌లో కోత పెట్టని కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో 50 శాతం మన జేబులోంచే. అయిదేళ్లు దాటిన బండికి చాలా కంపెనీలు ఆ కవర్ ఇవ్వడానికి నసుగుతాయి. 2021 బండికి ఆ గడువు వచ్చేసినట్టే. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, బండితో రాదు.

ఇంకోటి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం ఉన్నది 40కి దిగింది. కొత్తవాటి ధర తగ్గినా పాత బండ్లవాళ్లు పాత ధరే పట్టుకుని కూర్చున్నారు. 27 అన్నదగ్గర 23తో బేరం మొదలుపెట్టండి. తిడితే తిట్టనివ్వండి.

పాతబండి_ప్రియుడు
మాస్టారు ప్రతి థ్రెడ్‌లోనూ ఇదే పాట. ఆయన మాట విని ఉంటే నేను ఇప్పటికీ స్కూటర్ మీదే తిరిగేవాణ్ని. అన్నా, కొత్త బండి షోరూమ్ గేటు దాటగానే పోయే విలువ సంగతి ఎవరూ రాయరేం? ఈ బండికి ఆ దెబ్బ మొదటి ఓనరు తిన్నాడు. ఇక ఆ స్టీరింగ్, ఆ బ్రేకు, తలుపు వేస్తే వచ్చే ఆ చప్పుడు... నడిపితే తెలుస్తుంది. వదినని ఒకసారి సీట్లో కూర్చోబెట్టు, "నీ ఇష్టం" అన్న మాట మళ్లీ రాదు.

లెక్కలమాస్టారు
తలుపు చప్పుడుకి నాలుగు లక్షలా?

స్పానర్‌సుబ్బు
నేను యూరప్ బండ్లే చేస్తాను, కాబట్టి కొనమంటేనే నాకు లాభం. అయినా చెప్తున్నా, ఈ డీజిల్ మీకు పనికిరాదు. అది బండి తప్పు కాదు, మీ రూటు తప్పు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిళ్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది. మసి అందులో చేరుతుంది. బండి హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా పోతే ఆ వేడికి మసి కాలిపోతుంది. మేడమ్ గారి ఏడు కిలోమీటర్లలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే హాస్పిటల్ గేటు వస్తుంది. కాలడం మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ మళ్లీ అంతే. కొన్నాళ్లకి మీటర్‌లో లైటు వెలుగుతుంది, ఆ తర్వాత నా దగ్గరికొస్తారు. డీజిలే కావాలంటే వారానికోసారి కుక్కని తిప్పినట్టు ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పుకు రావాలి. చాలామంది నెల రోజులు తిప్పుతారు, తర్వాత మానేస్తారు.

లగ్జరీ మీద మోజు ఉంటే పెట్రోల్ చూడండి. మైలేజీ తక్కువే, కానీ రోజుకి 14 కిలోమీటర్లకి పెట్రోల్ ఖర్చు ఎంతని?

కారు_పిచ్చోడు99
బ్రో, ఢిల్లీ బండి తెచ్చుకో. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగకూడదన్న రూల్ భయం ఇంకా పోలేదు, తక్కువకే ఇచ్చేస్తున్నారు.

లెక్కలమాస్టారు
అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, దాంతోపాటు తెలంగాణ లైఫ్ ట్యాక్స్. బండి వయసుని బట్టి తగ్గించినా లగ్జరీ బండి మీద అది చిన్న మొత్తం కాదు. అన్నీ కలిపితే ఆ "తక్కువ" ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి.

బెజవాడవాసి
ఎక్కడి బండైనా సరే, నీళ్లలో మునిగిందో లేదో చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా సింగ్‌నగర్‌లో సెల్లార్ల నిండా కార్లే, టాప్ ఒక్కటే కనిపించేది. అలాంటి బండ్లన్నీ తుక్కుకే పోతాయనుకోకండి. కొన్ని వేలంలో చేతులు మారి, కడిగించుకుని, సెంటు కొట్టించుకుని ఇంకో ఊళ్లో తేలతాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. పైన శుభ్రంగా ఉంటుంది, లోపల చుట్టలో ఉన్న భాగంలో సన్నటి మట్టి చార కనిపిస్తుంది. నేను అలాగే ఒకటి పట్టుకున్నాను. అమ్మేవాడు "పిల్లాడు బూస్ట్ ఒలకబోశాడండీ" అన్నాడు.

నిజాంపేటవాసి
నేను మా ఆయన లాగిన్‌లో రాస్తున్నాను. "మా ఆవిడ" అని మీరంతా మాట్లాడుకుంటున్నది నా గురించే.

"నీ ఇష్టం" అన్నాను నిజమే. ఆ బండి గురించి చెప్తున్నప్పుడు ఆయన మొహం చూసి కాదనలేక అన్నాను. కానీ నడపాల్సింది నేను. కిందటి నెల రాత్రి ఒంటిగంట దాటాక ఎమర్జెన్సీ సిజేరియన్ ముగించుకుని వస్తుంటే జేఎన్‌టీయూ దాటాక టైరు పంక్చర్. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, చేతిలో వీల్ స్పానర్ ఉంది. నట్టు కదల్లేదు. పాదాలు రెండూ ఎత్తి స్పానర్ మీద నిలబడ్డా కదల్లేదు. చివరికి ఒక ఆటో ఆయన ఆగి టైరు మార్చి పెట్టాడు, డబ్బులు తీసుకోలేదు. మంచివాడు ఆగాడు కాబట్టి సరిపోయింది. ఆ పావుగంటలో ఇంకా ఎన్ని బండ్లు వేగం తగ్గించి చూసి పోయాయో ఇంట్లో చెప్పలేదు. ఆయన కూడా ఇప్పుడే చదువుతారు.

ఈ బండి టైర్ల సంగతి ఆయన లోపంలా చెప్పారు. రన్‌ఫ్లాట్ టైర్లంట, గాలి పోయినా గంటకి 80 మించకుండా ఇంకో 80 కిలోమీటర్లు పోతాయంట. నాకు కావాల్సింది అదే, బండి దిగకుండా ఇల్లు చేరడం. తలుపు చప్పుడు నాకు అక్కర్లేదు.

డీజిల్ విషయంలో సుబ్బు గారి మాటే నా మాట. ఊపిరాడనివాళ్లని రోజంతా హాస్పిటల్‌లో చూస్తాను, ఇంటికొచ్చి బండికి కూడా చూడలేను.

ఇంకొకటి ఎవరూ అడగలేదు. సెల్లార్లో మా పార్కింగ్ రెండు స్తంభాల మధ్య. టేపు పెట్టి కొలిచాను, 2.3 మీటర్లు. బండి వెడల్పు అద్దాలు కాకుండా 1.82. మధ్యలో ఆపితే అటూ ఇటూ పావు మీటరు కూడా మిగలదు. అంత సందులో నేను దిగాలి.

పాతబండి_ప్రియుడు
వదినా, సారీ. నేను సౌండు గురించే మాట్లాడుతూ కూర్చున్నాను.

స్పానర్‌సుబ్బు
మేడమ్, రన్‌ఫ్లాట్ గురించి రెండు ముక్కలు. గాలి లేకుండా నడిపిన టైరుని పంక్చర్ వేసి వాడుకుంటామంటే సాధారణంగా కుదరదు, మార్చాల్సిందే, ధర ఎక్కువ. రెండోది, టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 1421 అంటే 2021లో 14వ వారం. ఇంకా కంపెనీ టైర్లే ఉంటే నాలుగూ మార్చాలనుకోండి, ఆ డబ్బు బేరంలో తగ్గించండి.

రన్‌ఫ్లాట్ లేకపోయినా మీ భయానికి మందుంది. టైర్ ప్రెషర్ హెచ్చరిక ఉన్న బండి తీసుకుంటే గాలి దిగుతుండగానే చెప్తుంది. చాలాసార్లు వెలుతురున్న పెట్రోల్ బంకు దాకా వెళ్లే టైముంటుంది. ఇప్పుడు కొత్త బండ్లలో చాలావాటికి అది ఉంటోంది.

లెక్కలమాస్టారు
అమ్మా, 2.3 మీటర్లు అన్నారు చూడండి, నా లెక్కలన్నిటికన్నా అది ముఖ్యం. కొత్త ఎస్‌యూవీలు కూడా చాలావరకు ఇంచుమించు అంతే వెడల్పు. సెల్లార్లో దింపకుండా ఏ బండికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

నిజాంపేటవాసి
మళ్లీ నేనే, అసలు లాగిన్ ఓనర్ని. జేఎన్‌టీయూ దగ్గర జరిగింది ఇక్కడే చదివాను. రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం, ఆ సంగతి వదిలేయండి.

డీజిల్ బండాయన్ని సర్వీస్ రికార్డు అడిగాను, మా మెకానిక్ కూడా చూస్తాడన్నాను. "అంత నమ్మకం లేకపోతే ఎందుకండీ" అని ఫోన్ పెట్టేశాడు. ఈ ఆదివారం ఒక పెట్రోల్ ఎక్స్1, ఆ తర్వాత ఒక కొత్త బండి టెస్ట్ డ్రైవ్. రెండిటినీ మా సెల్లార్ దాకా తెస్తామన్నారు. టేపు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.